జక్కూరు నుంచి ఒంటరి క్రాస్‌కంట్రీ: విద్యార్థి పైలట్లకు సమగ్ర మార్గదర్శి

అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి, ఎలహంక, అమృతహళ్లి ప్రాంతాల్లో గదులు తీసుకొని, బెంగళూరు ఉత్తరాన ఉన్న జక్కూరు విమానాశ్రయంలో పైలట్ శిక్షణ పొందుతున్న తెలుగు విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మొదటి సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కరే ఎగరడం) గురించి అందరూ మాట్లాడతారు, ఫొటోలు దిగుతారు, స్వీట్లు పంచుతారు. అయితే ఆ సోలోలో రన్‌వే కంటికి దూరం కాదు, ఇన్‌స్ట్రక్టర్ కిందే నిలబడి రేడియోలో వింటూ ఉంటారు. ఒంటరి క్రాస్‌కంట్రీలో, అంటే ఒక్కరే విమానం నడుపుతూ వేరే ఊళ్లకు పోయి వచ్చే ప్రయాణంలో, ఈ రెండు ఆసరాలూ బయలుదేరిన పది నిమిషాలకే పోతాయి. కాబట్టి గాల్లో తీసుకోవలసిన ప్రతి నిర్ణయాన్నీ నేల మీద ఉండగానే ఆలోచించి, వీలైనంత వరకు అంకెగా మార్చి, నావిగేషన్ లాగ్‌లో, అంటే దారి, సమయం, ఇంధనం లెక్కలు పెట్టుకునే కాగితంలో, రాసుకోవాలి. కింది అంశాలన్నీ ఈ ఒక్క పని ఎలా చేయాలో చెప్పేవే.

నిబంధన ఏమి కోరుతుంది

ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటల ఫ్లయింగ్‌లో 20 గంటలు సోలో ఉండాలి. అందులో 5 గంటలు సోలో క్రాస్‌కంట్రీ, ఆ 5 గంటల్లో ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో పూర్తిగా ఆగే ల్యాండింగులతో ఉండాలి. కమర్షియల్ లైసెన్సుకు మొత్తం 200 గంటలు, పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యత వహించే పైలట్‌గా) 100 గంటలు, వాటిలో 20 గంటల క్రాస్‌కంట్రీ కావాలి. ఈ 20 గంటల్లో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, అందులోనూ బయలుదేరిన చోటు కాకుండా మరి రెండు విమానాశ్రయాల్లో పూర్తిగా ఆగాలి. చక్రాలు ఆనించి వెంటనే లేచిపోయే టచ్ అండ్ గో ఈ లెక్కలోకి రాదు. ఎంతో శ్రమపడి చేసిన ప్రయాణం ఈ ఒక్క కారణంతో లెక్కకు రాకుండా పోతే మళ్లీ మొత్తం ఖర్చు పెట్టుకోవలసి వస్తుంది కనుక లాగ్‌బుక్‌లో, ఫ్లైట్ ప్లాన్‌లో ఆ ల్యాండింగులు స్పష్టంగా కనిపించాలి.

దారి ఎంచుకోవడం

ఉదాహరణగా జక్కూరు నుంచి కడప, అక్కడి నుంచి తిరుపతి, తిరిగి జక్కూరు అనే త్రికోణాన్ని తీసుకుందాం. జక్కూరు నుంచి కడపకు సుమారు 110 నాటికల్ మైళ్లు, కడప నుంచి తిరుపతికి 69, తిరుపతి నుంచి జక్కూరుకు 118. కూడితే 297. రెండు ల్యాండింగులూ ఉన్నా, దూరం 300కు కాస్త తక్కువ కాబట్టి కమర్షియల్ లైసెన్సుకు పనికిరాదు. మ్యాపు మీద కంటి అంచనాతో దారి గీసి తృప్తిపడే విద్యార్థికి ఈ తేడా తెలిసేది లైసెన్సు దరఖాస్తు పెట్టిన రోజునే.

పరిష్కారం సులభం. జక్కూరు నుంచి నేరుగా కడపకు పోకుండా పుట్టపర్తి మీదుగా తిరిగితే మొదటి భాగం 65 మైళ్లు, రెండో భాగం 61 మైళ్లు అవుతుంది, మొత్తం 313కు చేరుతుంది. ఈ ప్రణాళికలో పుట్టపర్తిలో దిగము, పైనుంచి మలుపు తిరుగుతాము. అది సత్యసాయి ట్రస్టుకు చెందిన ప్రైవేటు విమానాశ్రయం, దిగాలంటే ముందస్తు అనుమతి కావాలి. పనిలో పనిగా ఈ మలుపు మరొక మేలు చేస్తుంది: పుట్టపర్తి రన్‌వే, పక్కన చిత్రావతి, రెండూ కలిసి పైనుంచి పొరపడడానికి వీల్లేని గుర్తు.

మూడో భాగంలోనూ ఒక చిన్న మార్పు చేయాలి. కడప నుంచి తిరుపతికి సరళరేఖ గీస్తే అది శేషాచలం, పాలకొండల అడవి మీదుగా పోతుంది. అక్కడ ఇంజిన్ ఆగితే దిగడానికి పొలం దొరకదు. ఆ రేఖకు ఎడమవైపున నందలూరు, రాజంపేట, రైల్వేకోడూరు మీదుగా రేణిగుంటకు పోయే రైలు మార్గం నాలుగైదు మైళ్ల దూరంలోనే ఉంది. రైల్వేకోడూరును మలుపు బిందువుగా పెట్టుకుంటే దూరం ఒక మైలు కూడా పెరగదు, దారి పొడవునా పట్టాలు, చేలు, ఊళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒకే ఇంజిన్ ఉన్న విమానంలో ఒంటరిగా పోయే విద్యార్థికి సరళరేఖ కంటే ఇదే మంచి దారి అని నా అభిప్రాయం.

గుర్తులు ఎంచుకునేటప్పుడు ప్రతి 10, 15 మైళ్లకు ఒకటి చాలు. చెరువులను నమ్ముకోవద్దు. రాయలసీమ చెరువు వేసవిలో పైనుంచి పొలంలాగే కనిపిస్తుంది, మ్యాపులో మాత్రం నీలంగా ఉంటుంది. రైలు మార్గాలు, జాతీయ రహదారులు, నదుల వంపులు, ఒంటరి కొండలు మేలు. జక్కూరు నుంచి ఉత్తరంగా పోతున్నప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి చిక్కబళ్లాపురం, బాగేపల్లి వరకు మనకు కుడివైపున ఉండి, ఆ తరువాత మన దారిని దాటి ఎడమకు, పెనుకొండ వైపు పోతుంది. రహదారి మనల్ని దాటిన నిమిషాన్ని లాగ్‌లో రాసుకుంటే అంతకన్నా ఖచ్చితమైన గుర్తు అక్కర్లేదు. 1932 అక్టోబరులో టాటాల తపాలా విమానం కరాచీ నుంచి బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసుకు వచ్చినప్పుడు దారి చూపింది ఇలాంటి నేల గుర్తులే. చేతిలో టాబ్లెట్ ఉన్నా సరే, కిటికీ బయటి నేలకూ మ్యాపుకూ పొంతన కుదర్చగలగడమే క్రాస్‌కంట్రీలో నేర్చుకోవలసిన అసలు విద్య.

ఎత్తు ఎంచుకోవడం

నేల నుంచి 3000 అడుగులకు పైన వీఎఫ్‌ఆర్‌లో (బయటికి కంటితో చూస్తూ నడిపే నిబంధనల కింద) పోయేటప్పుడు మాగ్నెటిక్ ట్రాక్ (దిక్సూచి ఉత్తరం నుంచి కొలిచిన దారి దిశ) 0 నుంచి 179 డిగ్రీల మధ్య ఉంటే బేసి వేలకు 500 కలిపిన ఎత్తు, 180 నుంచి 359 మధ్య ఉంటే సరి వేలకు 500 కలిపిన ఎత్తు తీసుకోవాలి. మన ప్రాంతంలో మాగ్నెటిక్ వేరియేషన్ (అసలు ఉత్తరానికీ దిక్సూచి ఉత్తరానికీ ఉన్న తేడా) 2 డిగ్రీల లోపే, అదీ పడమటి వైపు. కాబట్టి ట్రూ ట్రాక్‌కు (అసలు ఉత్తరం నుంచి మ్యాపు మీద కొలిచిన దిశకు) దాన్ని కలిపితే సరిపోతుంది.

పుట్టపర్తికి ట్రూ ట్రాక్ సుమారు 010. అంటే 5500 లేదా 7500. జక్కూరుకు ఉత్తరాన దాదాపు 18 మైళ్లలో, మన గీతకు పక్కనే నంది కొండ ఉంది, దాని ఎత్తు 4851 అడుగులు. 5500లో పోతే కొండ కొసకూ మనకూ మధ్య 650 అడుగులే మిగులుతాయి. పడమటి గాలి వీచే రోజుల్లో కొండ మీదుగా వచ్చే కుదుపులో అది ఏ మాత్రమూ చాలదు. కాబట్టి 7500. కడప నుంచి తిరుపతికి 5500 సరిపోతుందో లేదో దారికి ఇరుపక్కల ఉన్న అత్యధిక ఎత్తుకు కనీసం 1000 అడుగులు కలిపి సరిచూసుకోవాలి. తిరుగు దారి ట్రాక్ 254 గనుక 6500 లేదా 8500. ఎదురుగాలి సాధారణంగా పైకి పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టి, నేల అనుమతించినంత వరకు కింది ఎత్తే మేలు.

గాలి లెక్క

నైరుతి రుతుపవనాల కాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు వరకు, దక్షిణ భారతం మీద 5000 అడుగుల ఎత్తున పడమటి గాలి 25, 30 నాట్లకు (గంటకు నాటికల్ మైళ్లు) చేరడం మామూలే. మన ఉదాహరణలో గాలి 270 డిగ్రీల (నేరుగా పడమర) నుంచి 25 నాట్లు, సెస్నా 172 ట్రూ ఎయిర్‌స్పీడ్ (చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం వేగం) 105 నాట్లు అనుకొని నాలుగు భాగాలనూ లెక్కిద్దాం.

మొదటి భాగంలో గాలి దాదాపు పూర్తిగా పక్క నుంచి వస్తుంది. దాన్ని తట్టుకోవడానికి ముక్కును 14 డిగ్రీలు ఎడమకు పెట్టాలి, అంటే ట్రాక్ 010 అయినా హెడింగ్ (ముక్కు చూపే దిశ) 356 అవుతుంది. 360ని దాటి వెనక్కి పోయే ఈ అంకె దగ్గరే తీసివేతలో పొరపాటు జరిగి కొందరు 024 అని రాసుకుంటారు. గ్రౌండ్ స్పీడ్ (నేల మీదుగా సాగే వేగం) 106, సమయం 37 నిమిషాలు. రెండో భాగంలో గాలి వెనక నుంచి తోస్తుంది, గ్రౌండ్ స్పీడ్ 128కి పెరుగుతుంది, కడపకు 29 నిమిషాలు. మూడో భాగం 119 నాట్లతో 35 నిమిషాలు. నాలుగో భాగంలో అదే గాలి ఎదురవుతుంది. గ్రౌండ్ స్పీడ్ 81కి పడిపోతుంది, గాలి లేని రోజు 67 నిమిషాల్లో పూర్తయ్యే 118 మైళ్లకు 88 నిమిషాలు పడుతుంది.

విద్యార్థి అలసిపోయి, ఎండ తీవ్రంగా ఉండి, ఇంధనం తగ్గిపోయి ఉన్న సమయానికే ప్రయాణంలోని అతి పొడవైన, అతి నెమ్మదైన భాగం వస్తుందన్నది ఈ లెక్క చూపే ముఖ్య విషయం. గాలి గట్టిగా ఉన్న రోజు ఈ త్రికోణాన్ని తిరగేసి, ముందు తిరుపతికి పోయినా ఎదురుగాలి తప్పదు, మొత్తం సమయంలో పెద్ద మార్పూ ఉండదు. ప్రశ్న ఆ రోజు ఆ గాలికి బయలుదేరాలా అన్నదే.

ఇంధనం

నాలుగు భాగాల మొత్తం 189 నిమిషాలు. గంటకు 34 లీటర్ల చొప్పున 107 లీటర్లు. మూడు టేకాఫ్‌లు, మూడు క్లైంబులు (పైకి ఎక్కడాలు), ట్యాక్సీలకు (నేల మీద నడపడానికి) మరో 15 లీటర్లు. పగటి వీఎఫ్‌ఆర్‌కు అంతర్జాతీయ ప్రమాణం 30 నిమిషాల రిజర్వు, కాని ఒంటరి విద్యార్థికి 45 నిమిషాలకు తగ్గకూడదని నేను గట్టిగా చెబుతాను. అది 26 లీటర్లు. మొత్తం 148. సెస్నా 172ఎస్‌లో వాడదగిన ఇంధనం సుమారు 200 లీటర్లు గనుక మళ్లింపుకు 52 లీటర్లు మిగులుతాయి. అదే 172లో పాత మోడళ్లు కొన్నిటి మామూలు ట్యాంకుల్లో వాడదగినది 150 లీటర్ల చుట్టూనే ఉంటుంది, కాబట్టి విమానం పేరు చూసి కాదు, మీకు కేటాయించిన ఆ ఒక్క విమానం హ్యాండ్‌బుక్ చూసి లెక్కించాలి. సెస్నా 152లో అయితే వాడదగినది సుమారు 93 లీటర్లే. ఈ గాలిలో ఈ దారి దానికి కుదరదు.

మరొక చిక్కు ఉంది. మన విమానాశ్రయాల్లో చాలా చోట్ల జెట్ ఇంధనమే దొరుకుతుంది, పిస్టన్ ఇంజిన్లకు కావలసిన నీలం రంగు అవ్‌గ్యాస్ దొరకదు. అవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్‌ను ఇండియన్ ఆయిల్ 2022లో వడోదరలో తయారు చేయడం మొదలుపెట్టే వరకు దేశం దిగుమతుల మీదే ఆధారపడింది. కాబట్టి దారిలో ఇంధనం పోయించుకోవచ్చన్న ఆలోచన పెట్టుకోకుండా, జక్కూరులో నింపినదే మళ్లీ జక్కూరు వరకు అని లెక్కించాలి. గేజీని నమ్మకుండా ట్యాంకులో డిప్‌స్టిక్ పెట్టి, లీటర్లను స్వయంగా చూసి రాసుకోవాలి.

వాతావరణం, నోటామ్‌లు, అనుమతులు

10000 అడుగుల లోపు వీఎఫ్‌ఆర్‌కు 5 కిలోమీటర్ల విజిబిలిటీ, మేఘాల నుంచి అడ్డంగా 1500 మీటర్లు, నిలువుగా 1000 అడుగుల దూరం కావాలి. ఇది నిబంధనలోని కనీసం. మీ సొంత కనీసం దీనికన్నా ఎక్కువగా ఉండాలి, దాన్ని ఇన్‌స్ట్రక్టరుతో మాట్లాడి కాగితం మీద పెట్టుకోవాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో బెంగళూరు ఉత్తరాన పొగమంచు దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక ఉరుముల మేఘాలు లేస్తాయి. ఈ రెండు కాలాలకు బయలుదేరే వేళలు వేర్వేరు. మెటార్ (ప్రస్తుత వాతావరణ నివేదిక), టాఫ్ (రాబోయే గంటల అంచనా) రెండూ విమానాశ్రయాలకే పరిమితం గనుక దారి మధ్యలోని కొండల మీద మేఘం ఎంత కిందికి ఉందో అవి చెప్పవు. ఉపగ్రహ చిత్రం, పై గాలుల చార్టు కూడా చూడాలి.

నోటామ్‌లలో (విమానాశ్రయాలు, గగనతలం గురించి పైలట్లకు ఇచ్చే ప్రకటనల్లో) మొదట చూడవలసినది దిగబోయే విమానాశ్రయాల పని వేళలు. చిన్న విమానాశ్రయాల టవరు రోజంతా పని చేయదు. ఆ వేళల బయట చేరుకుంటే దిగడానికి వీలుండదు. తిరుపతికి తూర్పున శ్రీహరికోట ఉంది, ప్రయోగాల రోజుల్లో ఆ చుట్టుపక్కల గగనతల పరిమితులు మారతాయి కాబట్టి ఆ నోటామ్‌లను విడిగా వెతకాలి.

ఫ్లైట్ ప్లాన్ వేశాక ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్), ఏడీసీ నంబర్లు తీసుకోవాలి. ఏడీసీ వాయు రక్షణ అనుమతి. అది మీరు చెప్పిన సమయానికి ముడిపడి ఉంటుంది గనుక ఆలస్యమైతే మళ్లీ సంప్రదించాలి. ఈ సమయాలన్నీ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. మన గడియారం నుంచి 5 గంటల 30 నిమిషాలు తీసివేయాలి. గంటల కంటే ఆ అరగంట దగ్గరే పొరపాట్లు ఎక్కువ, కాబట్టి లాగ్‌లో రెండు సమయాలకూ పక్కపక్కన రెండు గడులు గీసుకోండి.

వెనుదిరిగే అంకెలు

మొత్తం ప్రణాళికలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన పని ఇది. వాతావరణం బాగా లేకపోతే వెనక్కి వస్తాను అని చెప్పే విద్యార్థి ఇంకా ఏమీ నిర్ణయించుకోనట్టే. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ అంకె దగ్గర అన్నది రాసి ఉంటేనే అది నిర్ణయం.

తిరుగు దారిని తీసుకుందాం. తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా పోతే పుంగనూరు సుమారు 58 మైళ్లు, అంటే దాదాపు సగం దారి. లెక్క ప్రకారం అక్కడికి 43 నిమిషాలు. క్లైంబు ఆలస్యంతో నాలుగు నిమిషాలు కలుపుకున్నా 47. పుంగనూరు మీదికి వచ్చేసరికి 52 నిమిషాలు దాటితే గాలి మనం అనుకున్నదానికన్నా చాలా బలంగా ఉన్నట్టు, మిగిలిన 60 మైళ్లకు మరో 50 నిమిషాలకు పైగానే పడుతుంది. వెనక్కి తిరిగితే అదే గాలి తోడై తిరుపతి అరగంటలోపే వస్తుంది. కాబట్టి లాగ్‌లో పుంగనూరు వరుసలో ఇలా రాయాలి: 52 దాటితే తిరుపతి. పక్కన ఆ క్షణానికి ట్యాంకులో ఉండవలసిన కనీస లీటర్లు.

రెండో అంకె సూర్యాస్తమయానిది. సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాలకు మించి వీఎఫ్‌ఆర్ కుదరదు, కాని విద్యార్థి ఆ అంచును తాకే పరిస్థితే రాకూడదు. సూర్యాస్తమయానికి గంట ముందే చక్రాలు జక్కూరు రన్‌వే మీద ఉండాలని పెట్టుకుందాం. సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటలకైతే 5కు దిగాలి, 88 నిమిషాల దారి గనుక తిరుపతి నుంచి 3:30 లోపు లేవాలి. యూటీసీలో అది సరిగ్గా 10:00. 3:31 అయితే ఆ రాత్రికి తిరుపతిలోనే ఉండిపోవాలి. దీనికి ఇన్‌స్ట్రక్టర్ ముందే ఒప్పుకొని ఉండాలి, విమానాన్ని కట్టే తాళ్లు, చక్రాలకు పెట్టే చాక్స్, రాత్రి బసకు డబ్బు మీ సంచిలో ఉండాలి. ఉండిపోవడానికి ఏర్పాటు లేనివాడే చీకట్లో బయలుదేరుతాడు.

మూడోది మేఘాల అంకె. ఎంచుకున్న ఎత్తు నుంచి మేఘాల కోసం ఎంత వరకు కిందికి దిగవచ్చో ప్రతి భాగానికీ ఒక అడుగుల అంకె రాయాలి. ఆ అంకె వచ్చిందంటే ఇంకొంచెం దిగి చూద్దామన్న ఆలోచనకు తావివ్వకుండా వెనక్కి తిరగాలి.

ఇంటివాళ్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అమ్మానాన్నలకు దిగాక ఫోన్ చేస్తాను అని మాత్రమే చెప్పండి, ఎన్ని గంటలకో చెప్పకండి. కింద ఎవరో గడియారం చూస్తూ కూర్చున్నారన్న ఆలోచన వెనుదిరగవలసిన వాణ్ని ముందుకు తోస్తుంది.

సంతకం, టేకాఫ్

ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌ను సరిచూసి ఆథరైజేషన్ మీద సంతకం చేయకుండా బయలుదేరకూడదు. సంతకం కోసం వెళ్లినప్పుడు అంకెలు అప్పజెప్పకుండా, ఏ అంకె ఎందుకు పెట్టారో వివరించండి. మంచి ఇన్‌స్ట్రక్టర్లు ఇక్కడే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. లైసెన్సు, మెడికల్, రేడియో లైసెన్సు, విమానం పత్రాలు సంచిలో ఉన్నాయో లేదో చూసుకోండి.

జక్కూరు సముద్రమట్టానికి దాదాపు 3000 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీలుంటే తేడా 25, డిగ్రీకి 120 అడుగుల చొప్పున మరో 3000. అంటే ఆ రన్‌వే మీద విమానం 6000 అడుగుల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. నిండు ట్యాంకులతో టేకాఫ్ దూరం, క్లైంబు రేటు ఎంతో ఆ రోజు ఉష్ణోగ్రతకు చార్టులో చూసి రాసుకోవాలి, మిక్చర్‌ను (ఇంజిన్‌లోకి పోయే ఇంధనం, గాలి పాళ్లను) హ్యాండ్‌బుక్ చెప్పినట్టు సరిచేయాలి.

జక్కూరుకు ఉత్తరాన మూడు నాలుగు మైళ్లలోనే ఎలహంక వైమానిక స్థావరం, ఈశాన్యాన 10 మైళ్ల లోపు కెంపేగౌడ విమానాశ్రయం ఉన్నాయి. మూడు చోట్లా రన్‌వేలు ఇంచుమించు తూర్పు పడమరలే. మ్యాపు మీద గీసిన 010 గీత ఎలహంక మీదుగానే పోతుంది కాబట్టి లేచిన వెంటనే ఆ గీతను పట్టుకోవడం కుదరదు. ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం) చెప్పిన దారిలో, చెప్పిన ఎత్తులో బయటపడి, నియంత్రిత ప్రాంతం దాటాక ఒక స్పష్టమైన గుర్తు దగ్గర మీ గీతను కలుసుకొని, అక్కడి నుంచి గడియారం మొదలుపెట్టాలి.

దారిలో

గుర్తు రాగానే సమయం రాయడం, తరువాతి గుర్తుకు అంచనా సవరించడం, డీజీని (గైరోతో దిశ చూపే పరికరాన్ని) దిక్సూచితో సరిచూడడం, ఇంధనం, ఆయిల్ ఉష్ణోగ్రత, పీడనం చూడడం, ఈ నాలుగూ పది నిమిషాలకొకసారి ఒకే వరుసలో చేయాలి. మిగిలిన సమయమంతా కళ్లు బయట ఉండాలి. నేల నుంచి మ్యాపుకు కాదు, గడియారం నుంచి మ్యాపుకు, మ్యాపు నుంచి నేలకు చూడాలి. నేల మీద ఏదో ఊరు చూసి మ్యాపులో దానికి పేరు వెతికితే ఏదో ఒక పేరు సరిపోయినట్టే అనిపిస్తుంది. దారి తప్పడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

గీత నుంచి పక్కకు జరిగితే ఒకటికి అరవై సూత్రం వాడాలి. పుట్టపర్తి నుంచి కడప వైపు 30 మైళ్లు వచ్చాక గీతకు 3 మైళ్లు కుడివైపు ఉన్నారనుకోండి. 60 మైళ్లకు 6 మైళ్లు, కాబట్టి 6 డిగ్రీల దోషం. ఎడమకు 6 తిప్పితే గీతకు సమాంతరంగా పోతారు. మిగిలిన 31 మైళ్లలో గమ్యాన్ని కలుసుకోవడానికి మరో 6, మొత్తం 12 డిగ్రీలు. ఒకసారి తిప్పాక తరువాతి గుర్తు వచ్చే వరకు హెడింగ్ పట్టుకోవాలి. నిమిషానికొకసారి సవరించేవారికి ఏ సవరణ పని చేసిందో తెలియదు.

ఈ దారి చాలామంది సొంత ఊళ్ల పక్క నుంచే పోతుంది. ఎడమన పులివెందుల, కుడిన కదిరి, తిరుగు దారిలో పుంగనూరు. ఊరి మీద ఒక చుట్టు తిరిగి, కాస్త కిందికి దిగి, మిద్దె మీద చేతులూపే వాళ్లను చూడాలన్న కోరిక సహజమే. జనావాసాల మీద, 600 మీటర్ల పరిధిలోని అత్యధిక అడ్డంకికి 1000 అడుగుల పైన ఉండాలన్నది నిబంధన. దానికి మించిన సంగతి, తక్కువ ఎత్తున ఏటవాలుగా తిరుగుతూ కిందికి చూసే పైలట్ వేగాన్ని చూడడు. స్టాల్ అయితే, అంటే రెక్కలు మోసే శక్తి కోల్పోతే, తేరుకోవడానికి అక్కడ ఎత్తు ఉండదు. దయచేసి చేయవద్దు. మీ ఊరిని 7500 అడుగుల నుంచి చూడండి.

కొత్త విమానాశ్రయంలో దిగడం

జక్కూరులో నేర్చుకున్న కన్ను కడపలో మోసపోతుంది. జక్కూరులో సర్క్యూట్ (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారి) ఎత్తు ఆల్టిమీటరు మీద 4000 చుట్టూ ఉంటుంది. కడప సముద్రమట్టానికి 500 అడుగుల లోపే ఉంది, అక్కడ అదే సర్క్యూట్ 1500 చుట్టూ. అంటే 7500 నుంచి 6000 అడుగులు దిగాలి. నిమిషానికి 500 చొప్పున 12 నిమిషాలు. వెనుకగాలితో 128 నాట్ల వేగంలో ఆ 12 నిమిషాల్లో 25 మైళ్లకు పైగా పోతాం. మొత్తం 61 మైళ్ల భాగంలో చివరి 25 దిగుడుకే కావాలన్న మాట. విమానాశ్రయం కనిపించాక దిగుదామనుకుంటే పైనే మిగిలిపోతారు. కడప క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటరు సముద్రమట్టం నుంచి ఎత్తు చూపేందుకు పెట్టే పీడనం అంకె) తీసుకొని ఆల్టిమీటరు మార్చడం, దిగేకొద్దీ మిక్చర్ పెంచడం మరవకూడదు.

రన్‌వే పొడవు, వెడల్పు కూడా జక్కూరు కంటే పెద్దవి. వెడల్పైన రన్‌వే అసలు ఎత్తు కంటే కిందికి వచ్చేసినట్టు భ్రమ కలిగిస్తుంది, ఫ్లేర్ (నేలను తాకే ముందు ముక్కు ఎత్తడం) ముందుగా మొదలుపెట్టి విమానాన్ని ఎత్తు నుంచి పడేస్తారు. దిగ్గానే తొందరపడి పక్కకు తిరగకుండా, టవరు చెప్పిన ట్యాక్సీవే ఏదో అర్థం కాకపోతే ఆగి మళ్లీ అడగండి. ఆగాక నీళ్లు తాగండి, ఏదైనా తినండి, తరువాతి భాగం వాతావరణం మళ్లీ కొత్తగా చూడండి. ఉదయం చూసినది ఇప్పుడు పనికిరాదు.

దారి తెలియకపోతే

అంచనా సమయానికి గుర్తు రాకపోతే మూడు నిమిషాలు అదే హెడింగ్ మీద ఆగండి. రాకపోతే చివరిసారి ఖచ్చితంగా తెలిసిన గుర్తు, అప్పటి నుంచి గడిచిన నిమిషాలు, వేగం తీసుకొని మ్యాపు మీద ఒక వృత్తం గీయండి, అందులోని రహదారి, రైలు మార్గం, నదుల్లో ఏదో ఒక పొడవైన గీత వైపు పోండి. పైకి ఎక్కితే చూపూ పెరుగుతుంది, రేడియో అందే దూరమూ పెరుగుతుంది. ఏటీసీకి దారి తెలియడం లేదని స్పష్టంగా చెప్పండి. ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానం కోడ్ పంపే పరికరంలో) 7700. రేడియో పోతే 7600. మాట తడబడినా ఫరవాలేదు, ఆలస్యం చేయడమే ప్రమాదం. ఇంధనం సగం ఉండగా అడిగిన సాయం సులభంగా అందుతుంది.

తిరుగు దారి, దిగాక

తిరుపతి నుంచి లేచాక నేల కూడా మీతో పాటు పైకి లేస్తుంది. రన్‌వే సముద్రమట్టానికి కొద్ది వందల అడుగుల ఎత్తున ఉంటే, చంద్రగిరి దాటాక కొండలు, ఆపైన 2000 అడుగులకు మించిన పీఠభూమి వస్తాయి. కుడివైపు తిరుమల కొండలున్నాయి. మధ్యాహ్నపు ఎండలో క్లైంబు రేటు తగ్గి ఉంటుంది గనుక, అవసరమైతే టవరు అనుమతితో విమానాశ్రయం దగ్గరే ఎత్తు సంపాదించుకొని ముందుకు సాగాలి. పుంగనూరు దగ్గర గడియారం చూసి, రాసి పెట్టుకున్న అంకెను పాటించాలి. కోలారు ఎడమన కనిపించాక బెంగళూరు ఏటీసీని ముందుగానే పిలవాలి, జక్కూరు రన్‌వేను మరో రన్‌వేగా పొరబడకుండా దాని చుట్టూ ఉన్న గుర్తులను వరుసగా సరిచూసుకుంటూ రావాలి.

దిగాక రాక సమయం నమోదైందో లేదో నిర్ధారించుకోండి, మీరు చేరని విమానంగా లెక్కలో మిగిలితే వెతుకులాట మొదలవుతుంది. ట్యాంకుల్లో మళ్లీ డిప్‌స్టిక్ పెట్టి మిగిలిన లీటర్లు రాసుకోండి. అదే సాయంత్రం లాగ్‌లోని అంచనా సమయాల పక్కన అసలు సమయాలను, అంచనా లీటర్ల పక్కన అసలు లీటర్లను పెట్టి, ఐదు నిమిషాలకు మించిన ప్రతి తేడాకూ కారణం ఇన్‌స్ట్రక్టరుతో కూర్చొని తేల్చుకోండి. లాగ్‌బుక్‌లో దారి, రెండు ల్యాండింగుల చోట్లు, 313 నాటికల్ మైళ్లు, పైలట్ ఇన్ కమాండ్ గంటలు నింపి ధ్రువీకరణ సంతకం తీసుకోండి. నావిగేషన్ లాగ్ కాగితాన్ని పారేయకుండా ఫైలులో ఉంచండి.